కట్టని వంతెన వైభవం

మనిషి పోతే ఫొటోకి దండ వేస్తాం, పదో రోజున భోజనాలు పెడతాం. నియోజకవర్గం పోతే ఏం చెయ్యాలన్నది మొన్నమొన్నటిదాకా ఎవరికీ తట్టలేదు. మా రావులగట్టు శాసనసభా నియోజకవర్గం పునర్విభజనలో పోయింది. దాని మూడు మండలాలనూ చుట్టుపక్కల నియోజకవర్గాల్లో తలా ఒకదాన్లో కలిపేశారు. జనం మర్నాడు పొద్దున్నే లేచి ఎప్పటిలాగే పళ్ళు తోముకున్నారు. బాధపడ్డ మనిషి ఒక్కరే, అక్కణ్ణించి వరసగా మూడుసార్లు గెలిచిన ఎమ్మెల్యేగారు. ఆయన పక్క నియోజకవర్గానికి వెళ్ళి అక్కడా గెలిచారు గానీ, పుట్టిల్లు కూలిన ఆడపడుచులా ఎప్పుడూ అదే దిగులు. కాలం కలిసొచ్చి ఆయన మంత్రి అయ్యారు. ఇచ్చింది వారసత్వాల శాఖ, అంటే చెయ్యడానికేమీ ఉండదని అందరూ అనుకునే శాఖ. ఆయన మొదటి వారంలోనే అందులో కొత్త విభాగం పెట్టించారు. దాని పేరు మాజీ నియోజకవర్గాల చారిత్రక వైభవ పరిరక్షణ విభాగం.

ఆ విభాగం తొలి సమావేశంలో రెండు పూటలు ఒకే చర్చ నడిచింది. నియోజకవర్గం రద్దయిన రోజును వర్ధంతి అనాలా, సంస్మరణ దినం అనాలా అని. వర్ధంతి అంటే తద్దినం కూడా పెట్టాలేమోననీ, అప్పుడు కర్త ఎవరన్న ప్రశ్న వస్తుందనీ ఒక అధికారి సందేహం లేవదీశారు. దాంతో సంస్మరణ దినమే ఖాయమైంది. రెండో తీర్మానం, ప్రతి మాజీ నియోజకవర్గానికీ సమగ్ర చరిత్ర రాయించాలని. మా నియోజకవర్గం మటుకు ఆ పని నాకు పడింది. నేను రావులగట్టు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. ఏటా జూన్‌లో ఉద్యోగం ఉందో ఊడిందో తెలియని మనిషికి, ఎవరు ఏ పని చెప్పినా కాదనే అలవాటు ఉండదు.

నియోజకవర్గ చరిత్ర అంటే పార్టీలు, సిద్ధాంతాలు, ఉద్యమాలు, కులాల పొత్తులు ఉంటాయి కదా అనుకున్నాను. ముసలివాళ్ళను పట్టుకుని మాట్లాడించాను. బీరువాల అడుగున పడున్న కరపత్రాలు తీయించి చదివాను. ఎటు తవ్వినా ఒక్కటే బయటపడింది. మువ్వలవాగు మీద వంతెన.

మువ్వలవాగు మా ఊరికి దగ్గరే. వాగుకి ఇవతల తారురోడ్డు, అవతల తంగేడుపాలెం, ఆ ఊరి వెనక కొండ. ఎండాకాలం ఇసకలో నడిచిపోవచ్చు. వానలు పడ్డాయంటే నీళ్ళలో దిగాల్సిందే. కొండ చుట్టూ తిరిగొచ్చే దారి ఒకటి ఉంది గానీ, వానాకాలంలో తాను దారినన్న సంగతి దానికే గుర్తుండదు.

మొట్టమొదటి ఎన్నికల్లో ఒక అభ్యర్థి తంగేడుపాలెం వెళ్ళడానికి ఆ వాగులో దిగాడు. నడుములోతు నీళ్ళలో నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టి, గెలిపిస్తే వంతెన కట్టిస్తానని గంగమ్మ సాక్షిగా చెప్పి వదిలాడు. గెలిచాడు. తర్వాతి ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేసినవాడు గుండెలోతుకి దిగి అదే మాట చెప్పాడు. అతనూ గెలిచాడు. అక్కణ్ణించి అది ఆనవాయితీ అయిపోయింది. నామినేషను వేసినవాడల్లా వాగు దిగాల్సిందే. దానికి నీళ్ళుపట్టడం అని పేరు కూడా పెట్టారు. ఒకసారి మే నెలలో ఉపఎన్నిక వచ్చిపడింది. వాగులో చుక్క నీళ్ళు లేవు. ఇద్దరు అభ్యర్థులూ ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించి, గుంటలు తీయించి పోయించుకున్నారు. ఎవరి గుంటలో వాళ్ళు దిగారు.

గెలిచినవాళ్ళు మాట తప్పారని అనడానికి లేదు. ప్రతివాడూ అవతలి గట్టున శంకుస్థాపన చేశాడు. అలా ఏడు శిలాఫలకాలు లేచాయి. కొత్తగా వచ్చినవాడు తన రాయి పాతవాడి రాయికి ముందుండాలని ఒక్కో అడుగు నీళ్ళవైపు జరిపి పాతించడంతో, రాళ్ళన్నీ గట్టు మీంచి వాగులోకి మెట్లలా దిగాయి. వంతెన మాత్రం రాలేదు.

నేను మొదటిసారి వాగు దగ్గరికి వెళ్ళేసరికి నాలుగు రోజులుగా వాన పట్టి అప్పుడే తెరిపిచ్చింది. రోడ్డు మీద ఆటో ఆగి, ఒక ఆవిడ భర్తను రెక్క పట్టుకుని దింపింది. ఆవిడ పేరు మాలకొండమ్మ, ఆయన పేరు చెంచయ్య, ఇద్దరిదీ తంగేడుపాలెం. ఆవిడ నీళ్ళు చూడలేదు. అవతల గట్టున ఉన్న రాళ్ళను చూసింది.

"దిగొచ్చాండీ?" అని అడిగాను.

"దిగొచ్చు సారూ. అయిదో రాయి మింద నీళ్ళు తేదీ కాడనే ఉండాయి. కరకమలాల దాకా వస్తే మటుకు దిగమాక."

ఆ రాయి మీద అన్ని శిలాఫలకాల్లాగే పైన అప్పటి ఎమ్మెల్యే పేరు, దాని కింద కరకమలములచే శంకుస్థాపన గావింపబడినది అన్న మాట, అడుగున తేదీ ఉన్నాయి. నీళ్ళు తేదీ దగ్గరుంటే నడుములోతు. కరకమలాలు మునిగితే మనిషి నిలవడు. ఎమ్మెల్యే పేరు మునిగితే ఊళ్ళో ఎవరూ గుమ్మం దిగరు. తంగేడుపాలెం వాళ్ళందరికీ ఈ లెక్క తెలుసు.

"మీరు చదువుకున్నారా?"

"నాకెక్కడి చదువు. ఆ అక్షరాలు ఎట్టుంటాయో తెలుసు, అంతే."

చెంచయ్యకి మూత్రపిండాలు పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం రావులగట్టు ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒకసారి తప్పితే కాళ్ళు వాస్తాయి, వరసగా రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదు అని డాక్టరు చెప్పాడట. టౌనులో గది తీసుకుని ఉండొచ్చు కదా అంటే, గేదెల్ని ఎవరు చూస్తారని మాలకొండమ్మ నన్నే అడిగింది.

"నాకు ఓటొచ్చిన కాణ్ణించి వంతెనకే ఏశాను సారూ," అన్నాడు చెంచయ్య, నీళ్ళలో కాలు పెడుతూ. "మనుషులు మారారు గానీ నేను మారలా."

వాళ్ళు కులాసాగా ఉండడానికి కారణం ఉంది. ఒడ్డున ఇనుపచువ్వల కట్టలు దింపి ఉన్నాయి. ఏడుగురు శంకుస్థాపన చేసినా రాని వంతెన, నియోజకవర్గం పోయాక మంజూరైంది. కరీముల్లా అనే ఇంజనీరు బదిలీ మీద కొత్తగా వచ్చాడు. వాగులు దాటే చోట్లు పంపమంటే పంపాడు. ఫలానా మైలురాయి దగ్గర వాగు ఉంది, వంతెన అవసరం అని రాశాడే తప్ప, ఇది ఆ వంతెన అని అతనికి తెలియదు. పైవాళ్ళకీ తెలియదు. ఎవరికీ తెలియకపోవడం వల్ల ఏ అడ్డూ లేకుండా పని మంజూరైపోయింది.

"ఎండాకాలం మొదలెడితే వచ్చే వానలకల్లా అయిపోద్దంట," అంది మాలకొండమ్మ. ఆ మాట చెబుతూ భర్త చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నేను చరిత్ర రాసి చిత్తుప్రతి పంపాను. దాన్లో మొదటి అధ్యాయం వంతెన, రెండో అధ్యాయం వంతెన, చివరిదాకా వంతెనే. వేరే ఏమీ లేదు మరి. వారం తిరక్కుండా పిలుపొచ్చింది. వైభవ విభాగానికి ప్రత్యేకాధికారి పరాంకుశంగారు. నిలువునామం, జరీ అంచు కండువా, మాట్లాడేటప్పుడు కూడా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. కరీముల్లాను కూడా రప్పించి పక్కన కూర్చోబెట్టారు.

"లెక్చరర్ గారూ, తమ రచన ఆమూలాగ్రం పరిశీలించడమైనది. సదరు నియోజకవర్గపు అస్తిత్వానికి మూలాధారం ఏమిటన్నది తమరు నిర్ద్వంద్వంగా నిరూపించియున్నారు."

"వంతెనండి," అన్నాను.

"కాదు. వంతెన లేకపోవడం."

నేను కరీముల్లా మొహం చూశాను. అతను నా మొహం చూశాడు.

"ఆ లేకపోవడం చుట్టూతానే ఎన్నికలన్నియు జరిగియున్నవి. ఆ లేకపోవడమే నాయకులను తయారుచేసియున్నది. కనుక అది చారిత్రక సంపద. ఇప్పుడు అక్కడ వంతెన కట్టినచో ఏమగును?"

"జనం దాటుతారండి," అన్నాడు కరీముల్లా.

"చరిత్ర ధ్వంసమగును," అన్నారు పరాంకుశంగారు. "కోట గోడను పడగొట్టి అక్కడ సినిమాహాలు కట్టుకొందుమా? ఇదియును అంతే. ఇందుమూలముగా వంతెన లేని స్థితిని యథాతథంగా పరిరక్షించుటకు నిర్ణయించడమైనది."

"అయ్యా, అవతల జబ్బు మనుషులున్నారు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి రావాలి," అన్నాను.

"వారి ఇబ్బంది కూడా వారసత్వంలో అంతర్భాగమే. దానిని కూడా గ్రంథంలో పొందుపరచండి."

నాకు ఒళ్ళు మండింది. నేను రాసిన పుస్తకమే చూపించి నా ఎదటే వంతెన ఆపేశారు. అరిచి బయటికి వచ్చేసి ఉండాల్సింది. జూన్ గుర్తొచ్చింది. మంచినీళ్ళు తాగి కూర్చున్నాను.

ఆ నెలలోనే వాగు ఒడ్డున పచ్చబోర్డు పెట్టారు. ఇచ్చట వంతెన లేదు, ఈ లేమికి హాని కలిగించువారు శిక్షార్హులు అని దాని మీద రాసి ఉంది. ఇనుపచువ్వలు వెనక్కి పోయాయి. తర్వాత విభాగం దృష్టి రాళ్ళ మీద పడింది. అమూల్యమైన ఏడు శిలాఫలకాలు ఎండకి ఎండి వానకి నానుతున్నాయని పరాంకుశంగారు బాధపడి, వాటిని పెకలించి లారీకెక్కించారు. మంత్రిగారు ఎమ్మెల్యేగా ఉన్నప్పటి ఆఫీసును వైభవ మందిరంగా మార్చి, ఏసీ పెట్టించి, రాళ్ళను అందులో వరసగా నిలబెట్టారు. ఒక్కొక్క దాని మీద చిన్న దీపం. తంగేడుపాలెం వాళ్ళు లారీకి అడ్డం పడ్డారట. రాళ్ళంటే వాళ్ళకి ఎంత భక్తో చూడండి అని పరాంకుశంగారు నాతో మురిసిపోతూ చెప్పారు.

కార్తీకంలో తుపాను పట్టింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం కాలేజీలో పాఠం చెబుతుంటే గుమ్మంలో మాలకొండమ్మ కనబడింది. చీర నడుం దాకా ఇసక, బురద.

"రాళ్ళు యాడ బెట్టారు సారూ?"

చెట్టు కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. మంగళవారం పొద్దున ఆవిడ నీళ్ళు చూసి నడుములోతే అనుకుందట. రాళ్ళు లేకపోయేసరికి అంచనా తప్పింది. నడివాగులోకి వెళ్ళాక నీళ్ళు చంకలకి వచ్చాయి. చెంచయ్య కాళ్ళు తేలిపోయాయి. గట్టు మీదున్నవాళ్ళు మోకు విసిరి ఇద్దర్నీ ఈడ్చారు. ఆ రోజు ఆసుపత్రి తప్పింది. ఇవాళ నీళ్ళు కాస్త తగ్గితే, నలుగురు మనుషులు చెంచయ్యని మంచం మీద మోసి దాటించారు. కాళ్ళు పొంగిపోయి ఉన్నాయి. ఇప్పుడు మిషను మీద ఉన్నాడు.

"కర్ర పాతుకున్నాం, అదీ కొట్టకపోయింది. వంతెన మేం అడగంలే సారూ, అది అలవాటే. రాళ్ళయినా ఇప్పించు. అయిదోది ఒక్కటిచ్చినా చాలు."

ఆ మాట విన్నాక నాకు పాఠం చెప్పబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే పరాంకుశంగారి దగ్గరికి వెళ్ళాను. రాయి ఇమ్మంటే ఆయన ఇవ్వరు. మనుషులు పోతారంటే గ్రంథంలో రాయమంటారు. ఆయన భాషలో చెబితే తప్ప ఆయనకి ఎక్కదని అప్పటికి నాకు తెలిసొచ్చింది.

"అయ్యా, వంతెన లేకపోవడాన్ని సందర్శకులు తిలకించుటకు సదుపాయం కొరవడియున్నది," అన్నాను.

ఆయన కండువా సర్దుకున్నారు. "వివరించండి."

"గట్టు మీద నిలబడి చూస్తే వాగు కనబడుతుంది గానీ వంతెన లేకపోవడం కనబడదండి. అది స్పష్టంగా తెలియాలంటే, సరిగ్గా వంతెన లేనిచోట నిలబడి చూడాలి. అంటే నడివాగులో. ఇవతలి గట్టు నుంచి నడివాగు దాకా ఒక వీక్షణ వేదిక, అవతలి గట్టు నుంచి ఇంకొకటి. రెండింటి మధ్యా లేమిని అలాగే భద్రంగా వదిలేస్తాం."

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే మీరు నమ్మరు గానీ, తిరిగాయి.

మధ్యలో వదలాల్సిన లేమి వెడల్పు ఎంతన్నది తేల్చడానికి నెల పట్టింది. ముప్ఫై అడుగులు ఉంటేగాని గాంభీర్యం రాదని పరాంకుశంగారి వాదన. లేమి ఎంత సన్నగా ఉంటే సందర్శకుడి గుండెకి అంత గట్టిగా తగులుతుందని నేను, మధ్యలో అంత ఖాళీ ఉంటే వేదికలు వరదకి ఆగవని కరీముల్లా. అతను అబద్ధమాడాడో నిజమే చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి ఆరడుగులకి ఒప్పుకున్నారు. ఎండాకాలంలో పని మొదలైంది. కరీముల్లా తన పాత వంతెన నమూనానే తీసి, మధ్యలో ఆరడుగులు కొట్టేసి సంతకం పెట్టాడు.

"సగంలో ఆగిపోయిన వంతెనలు నా సర్వీసులో చాలా చూశాను సార్," అన్నాడు నాతో. "సగంలో ఆగేలా డిజైను గీసింది మాత్రం దీనికే."

సంగతి మాలకొండమ్మకి చెప్పాను. ఆవిడ చేతులు చాచి గాలిలో ఆరడుగులు కొలుచుకుంది. "ఒక చెక్క చాలు," అంది.

అయితే ప్రారంభోత్సవం అయ్యేదాకా వేదికల మీద కాలు పెట్టకూడదన్నారు. తాళ్ళు కట్టి కాపలా పెట్టారు. ప్రారంభోత్సవం సంస్మరణ దినానే జరగాలి. ఆ ఏడు సంస్మరణ దినం శుక్రవారం వచ్చింది. అంతకు ముందు ఆదివారం నుంచి కొండ మీద వాన. మంగళవారం వాగు పొంగి చెంచయ్యకి ఆసుపత్రి తప్పిపోయింది. శుక్రవారం కూడా తప్పితే ఏమవుతుందో డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

శుక్రవారం పొద్దున వాన లేదు గానీ వాగు ఎర్రగా, రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. రాళ్ళు ఉండి ఉంటే కరకమలాలు దాటి పేరు దాకా మునిగేవి. ఇవతలి వేదిక నిండా తివాచీ, షామియానా, అధికారులు. అవతలి వేదిక మీద తంగేడుపాలెం జనాన్ని నిలబెట్టి, మాజీ ఓటరు అని రాసిన బిళ్ళలు తగిలించారు. వాళ్ళ ముందు, సరిగ్గా అంచున, ప్లాస్టిక్ కుర్చీలో చెంచయ్య. మొహం ఉబ్బి, నోటితో గాలి పీలుస్తున్నాడు. కుర్చీ పట్టుకుని మాలకొండమ్మ. వెనక నలుగురి భుజాల మీద పొడుగాటి సెంట్రింగ్ చెక్క, మేస్త్రీలు వదిలేసి పోయినది. ఇవతల రోడ్డు మీద ఆటో ఎదురుచూస్తోంది.

"అయ్యా, ఒక్క నిమిషం. చెక్కేసుకుని దాటి పోతాం," అని మాలకొండమ్మ ఆరడుగుల అవతల నుంచి అడిగింది.

పరాంకుశంగారు చేతిలోని కార్యక్రమ వివరం చూసుకున్నారు. "తమ విన్నపం సభానంతరం సానుభూతితో పరిశీలించబడును."

"సబ ఎంతసేపయ్యా?"

"ప్రార్థనాగీతం, జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, నివేదిక, సన్మానాలు, మంత్రివర్యుల సందేశం, అల్పాహారం."

మంత్రిగారు వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాడని చెప్పాలి. దిగగానే వాగుకేసి చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన మూడుసార్లు నిలబడి నీళ్ళు పట్టిన చోటు అది. ఇప్పుడు దిగడానికి వీల్లేదు కాబట్టి వెండి బిందెతో వాగు నీళ్ళు తెచ్చి ఆయన దోసిట్లో పోశారు. ఆయన వేదిక అంచుకి వచ్చి, మైకులో మొదలెట్టారు.

"నా రావులగట్టు సోదర సోదరీమణులారా. ఇదే వాగులో నిలబడి నేను మీకు మాట ఇచ్చాను. నన్ను గన్న ఈ నేల చరిత్రని ఎవరూ చెరపలేరు. ఈ గంగమ్మ సాక్షిగా ఇవాళ మరో మాట ఇస్తున్నాను. ఇక్కడ వంతెన లేదు. ఎప్పటికీ ఉండదు."

అలవాటు కొద్దీ రెండు గట్ల మీదా చప్పట్లు పడ్డాయి. అక్కడ ఇచ్చిన మాటలన్నిట్లో నిలబడేది ఇదొక్కటే అనుకున్నాను.

చప్పట్లు కొట్టనిది మాలకొండమ్మ. ఆవిడ వంగి మొగుడి మొహంలోకి చూసింది. తర్వాత తల తిప్పి వెనకున్న నలుగురికీ ఏదో చెప్పింది. చెక్క భుజాల మీంచి దిగి, తివాచీ మీదకి జారుకుంటూ వచ్చింది. ఇవతలి అంచు మీద జానెడు ఆని ఆగింది. ఎక్కడ చూసినా అధికారులే, ఎవరూ కదలరు. చెక్క అటూ ఇటూ జారుతోంది. ఎవరైనా దాన్ని పట్టుకోవాలి. నాకు జూన్ గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చింది. అయినా వెళ్ళి చెక్క చివర కూర్చున్నాను.

"లెక్చరర్ గారూ, తమరు లేమి మీద కూర్చునియున్నారు," అన్నారు పరాంకుశంగారు.

"సభానంతరం లేస్తానండి," అన్నాను.

చెంచయ్య కుర్చీలోంచి లేచాడు. ఇద్దరు పట్టేంత వెడల్పు లేదు. మాలకొండమ్మ చెయ్యి వదిలింది. ఆయన ఒక్కడే, వాచిన పాదాలు ఒకదాని ముందు ఒకటి పెట్టుకుంటూ, కింద నీళ్ళకేసి చూడకుండా నడిచాడు. మైకు ఆగిపోయింది. బ్యాండు వాళ్ళు ఆగిపోయారు. ఇంకో రెండు అంగలు ఉందనగా ఆయన మోకాలు సడలి ఓ పక్కకి ఒరిగాడు. నేను లేవడానికి లేదు, లేస్తే చెక్క పోతుంది.

అంచున నిలబడ్డ మంత్రిగారి చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆయన చెంచయ్య మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగేశారు.

మంత్రిగారు తన తడి చెయ్యి తిప్పి చూసుకున్నారు, అది ఎవరిదో అన్నట్టు. వెనకాలే మాలకొండమ్మ దాటి వచ్చి, మొగుణ్ణి పట్టుకుని, "పోయొస్తాం అయ్యా, సబ కానీండి" అని చెప్పి ఆటో ఎక్కించుకుపోయింది. అప్పుడు మంత్రిగారికి ఏదో చెప్పాలనిపించినట్టుంది. మైకు దగ్గరికి వెళ్ళారు. పరాంకుశంగారు తర్వాతి కాగితం అందించారు. మంత్రిగారు దాన్ని చూసి చదివారు. సభ సాగింది.

చెక్కను ఆ సాయంత్రమే స్వాధీనం చేసుకున్నారు. చెంచయ్య దాటినంతసేపు అక్కడ వంతెన ఉన్నట్టే కాబట్టి, ఆ వంతెన ఇప్పుడు లేదు కాబట్టి, అది కూడా చరిత్రే అని విభాగం తేల్చింది. ప్రస్తుతం ఆ చెక్క వైభవ మందిరంలో, ఏడు రాళ్ళ పక్కన, అద్దాల పెట్టెలో ఉంది. మువ్వలవాగు వంతెన (మాజీ) అని కింద పలక పెట్టారు. దాని మీద కూడా చిన్న దీపం ఉంది.

లేమికి కాపలాగా ఒక మనిషిని వెయ్యాలనుకున్నారు. పొరుగు సేవల కింద స్థానికుల్ని తీసుకోవాలన్న నిబంధన చూపించి, కరీముల్లా మాలకొండమ్మ పేరు రాశాడు. వంతెన ఏమైనా వచ్చిందా అని పరాంకుశంగారు రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడుగుతారు. "ఏమీ లేదయ్యా" అని ఆవిడ చెబుతుంది. ఊళ్ళో సెంట్రింగ్ చెక్కలు ఇంకా ఉన్నాయి.

నా పుస్తకం అచ్చయింది. గట్టి అట్ట, బంగారు అక్షరాలు, ఇటుక అంత మందం. నేను రాసిన ఆఖరి వాక్యం ఇది. రావులగట్టు నియోజకవర్గ చరిత్రలో వంతెన ఒకే ఒక్కసారి ఉంది, చెంచయ్య దాన్ని దాటడానికి పట్టినంతసేపు. అచ్చులో ఆ వాక్యం లేదు. దాని చోట, ఇచ్చట వంతెన ఏనాడూ లేదు, ఇకపై ఉండబోదు అని ఉంది. జూన్‌లో నా ఉద్యోగం కూడా ఉండబోదని తెలిసింది.

ఒక ప్రతి తీసుకుని, కొండ చుట్టూ తిరిగి తంగేడుపాలెం వైపు వేదిక మీదకి వెళ్ళాను. మంగళవారం. చెంచయ్య గట్టు దిగి వస్తున్నాడు, పలచబడ్డాడు గానీ కులాసాగా ఉన్నాడు. మా ఊసు ఏం రాశావు సారూ అని మాలకొండమ్మ అడిగితే, అచ్చయిన ఆఖరి వాక్యం చదివి వినిపించాను.

చెంచయ్య నవ్వాడు. "అట్టనా. అయితే లేనిదాని మీంచే పోదాం పద."

మాలకొండమ్మ చెక్క వేసింది. కొత్త చెక్క, ఒక మూల లేచి టకటకా ఊగుతోంది. ఆవిడ చుట్టూ చూసింది. నా చేతిలో పుస్తకం తీసుకుని, బరువు చూసి, మూల కింద పెట్టింది. చెక్క ఊగడం ఆగింది. చెంచయ్య దాటి వెళ్ళాడు.